బ్లీచింగ్ వాసన వచ్చిన ఆస్పత్రి

మా అమ్మాయి కాన్పు కోసం నేను పద్దెనిమిది ఆస్పత్రులు తిరిగి చూశాను. గూడూరు, నెల్లూరు వదలకుండా చూసి, ఒకటి రెండు మద్రాసులో కూడా...

ఈ వాక్యం రాస్తుండగానే మా ఆవిడ వెనకనుంచి తొంగి చూసి "ఎన్నీ?" అంది. సరే, మూడు. మద్రాసు పోలేదు.

మాది గూడూరు దగ్గరి కోట నుంచి సముద్రం వైపు పోయే దారిలో, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఊరు. పాతికేళ్ళకు పైగా నా పని సీడ్ చూడటం. అంటే గుంటలో వదిలే రొయ్యపిల్లల్ని కొనేముందు రైతులు నన్ను వాటిని పొదిగించే హేచరీకి వెంటబెట్టుకుని పోయేవారు. అక్కడ పిల్లల్ని తెల్ల బేసిన్‌లో పోయించి, నీళ్ళను చేత్తో గిర్రున తిప్పేవాణ్ణి. గట్టి పిల్ల సుడికి ఎదురీది అంచుకు చేరుతుంది. నీరసపు పిల్ల సుడితో పాటే తిరిగి మధ్యలో పోగవుతుంది. అది చూసి "తీసుకో" అనో, "లేచి పద" అనో చెప్పేవాణ్ణి. జిల్లాలో నా చెయ్యి తడవని హేచరీ లేదని చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి ఏడో ఎనిమిదో.

ఆ ఏడెనిమిదిలో నేర్చుకున్నది మాత్రం అబద్ధం కాదు. హేచరీకి పోతే ఆఫీసులో కూర్చోకూడదు. వాళ్ళిచ్చే టీ తాగకూడదు. నేరుగా వెనక్కి, తొట్ల నీళ్ళు బయటికి పోయే కాలవ దగ్గరికి పోవాలి. ఆ కాలవ ఘాటుగా బ్లీచింగ్ వాసన కొడితే, లోపల నిన్నో మొన్నో రోగం తగిలి ఒక తొట్టి మొత్తం చచ్చిందని అర్థం. కడిగి దాస్తున్నాడు. పిల్లలు మరీ హుషారుగా ఎగిరెగిరి పడుతున్నాయంటే ఏదో మందు కొట్టాడు. "మా దగ్గర ఒక్కటి కూడా చావదు సార్" అన్నవాడి గడప మళ్ళీ తొక్కకూడదు. "ఈ తొట్టి బాగాలేదు, దీంట్లోవి తీసుకోబాక" అని తన తప్పును తనే చూపించేవాడు దొరికితే వాణ్ణి వదలకూడదు.

ఇంత విద్య ఉన్నవాడికి ఒక కాన్పు ఆస్పత్రి ఎంచడం ఎంత పని?

అదీగాక మొదటి కాన్పు పుట్టింటి బాధ్యత. ఆస్పత్రి చూసేది ఆడపిల్ల తండ్రి. అల్లుడు వచ్చి, బిడ్డను చూసుకుని, స్వీట్లు పంచి పోతాడు. మా వైపు ఎప్పటినుంచో ఇదే పద్ధతి. మా అల్లుడు మాత్రం ఏడో నెలలో అమ్మాయిని మా ఇంట్లో దింపిన పూటే, ఇంకా చెప్పులైనా విప్పకుండా అన్నాడు:

"మామా, ఆస్పత్రి సంగతి నేను చూస్తా. మీరు శ్రమ పడబాకండి."

నా శ్రమ గురించి ఎవరైనా దిగులుపడితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. అల్లుడు కావలిలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడు. తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడేవాళ్ళను నేను మొదటినుంచీ నమ్మను. మిగిలిన మాటలన్నీ ఎక్కడ దాచిపెడుతున్నట్టు?

నాకు అప్పటికి తెలియని సంగతి ఒకటి మీకు ఇక్కడే చెప్పేస్తాను. లేకపోతే నేను చేసిన వెధవ పనులు మీకు సరిగ్గా కనపడవు. అయిదో నెల స్కానింగులో మా అమ్మాయికి మాయ బాగా కిందికి ఉందనీ, బిడ్డ బయటికి వచ్చే దారికే అడ్డంగా ఉందనీ తేలింది. నెలలు నిండేలోపు అది పైకి జరగకపోతే మామూలు కాన్పు కుదరదు. నొప్పులు మొదలైతే రక్తం ధారగా పోతుంది. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ గండమే. దానికి తోడు మా అమ్మాయిది ఓ నెగటివ్, వెతికితే గానీ దొరకని రక్తం. ఈ సంగతి అమ్మాయికి తెలుసు, అల్లుడికి తెలుసు, మా ఆవిడకు తెలుసు. ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఏదో దాస్తున్నారని మాత్రం నాకు వాసన తగిలింది. నేను గదిలోకి పోతే మాట మారేది. కాగితం తలగడ కిందికి పోయేది. ఇదంతా అల్లుడి పని అనుకున్నాను. ముందే ఏదో ఆస్పత్రితో మాట్లాడుకుని, నాకు తెలిస్తే చెడగొడతానని దాస్తున్నాడని లెక్క వేసుకున్నాను.

"పోతే ఇద్దరం పోదాం" అని పట్టుబట్టాను. అల్లుడు కాదనలేదు. బండి తీసేముందు చేతి గడియారం చూసుకున్నాడు. చిల్లకూరు దగ్గర హైవే మీదికి వచ్చేటప్పుడు చూసుకున్నాడు. గూడూరులో రైలు గేటు పడితే మళ్ళీ చూసుకున్నాడు, గేటు లేచాక ఇంకోసారి.

"ఎవురికన్నా టైమిచ్చినావా అబ్బయా?"

"లేదు మామా."

"మరి ముహూర్తం దాటిపోతున్నట్టు చూస్తా ఉండావే?"

"ఊరికే."

ఊరికే గడియారం చూసే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆస్పత్రిలో వీడి కోసం కమిషన్ మనిషి ఒకడు కాచుకుని ఉన్నాడని ఖాయం చేసుకున్నాను.

మొదటిది గూడూరులో. ఆస్పత్రి అంతా అద్దాలే. లోపల పాలకోవా పెట్టుకునే ఫ్రిజ్జులా చల్లగా ఉంది. కౌంటర్లో అమ్మాయి "కంగ్రాట్స్ తాతగారూ" అంటూ నా చేతికి ఒక గులాబీ ఇచ్చింది. నేను దాన్ని లెక్కచెయ్యకుండా, టీ వద్దని చెప్పి, నేరుగా వెనక్కి పోయాను.

టీ తాగాను. బిస్కెట్లు కూడా తిన్నాను. తర్వాతే వెనక్కి పోయాను. కాలవ పొడిగా ఉంది, ఏ వాసనా లేదు. దండెం మీద ఒక్క గుడ్డ లేదు. భలే అనుకుని లోపలికి వచ్చేసరికి అల్లుడు ఆ కౌంటర్ అమ్మాయిని గొంతు తగ్గించి ఏదో అడుగుతున్నాడు. నన్ను చూసి ఆపేశాడు. ఆమె మాత్రం అదే నవ్వుతో చెప్పింది:

"మా దగ్గర అంతా నార్మలే సార్. ఇంతవరకూ ఒక్క కేసు కూడా ఇబ్బంది కాలేదు."

హేచరీవాడి గొంతే అది. ఒక్కటి కూడా చావదు సార్. నేను లేచి నడిచాను. బయటికి వచ్చాక అల్లుడు అడిగాడు:

"ఏంది మామా, నచ్చలేదా?"

"పువ్వెందుకిచ్చింది? నేనేమన్నా పెళ్ళికొచ్చినానా?"

అతను నవ్వలేదు. "నాక్కూడా నచ్చలేదులే" అన్నాడు. ఎందుకు నచ్చలేదో చెప్పలేదు. నాకు అనుమానం రెట్టింపయింది.

రెండోది నెల్లూరులో. పాత మూడంతస్తుల మేడ. మెట్ల మీద క్యారియర్లు పట్టుకుని జనం, వరండాలో చాపలు, గోడకు ఆనుకుని నిద్రపోతున్న అమ్మమ్మలు. నేను వెనక్కి పోయాను. కాలవలో బ్లీచింగ్ ఎంత ఘాటుగా ఉందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలెత్తి చూస్తే మిద్దె మీద దండేల నిండా ఆకుపచ్చ గుడ్డలు. కుళాయి దగ్గర ఒకావిడ ఇంకా ఉతుకుతూనే ఉంది.

"ఏంది తల్లీ, ఇన్ని?"

"ఆపరేషన్ గుడ్డలు పెద్దాయనా. రేప్పొద్దున్నకి మళ్ళీ ఇన్ని పడతాయి."

నేను గబగబా ముందుకు వచ్చాను. వరండా చివర ఒక చిన్న కిటికీ దగ్గర అల్లుడు వంగి నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. కిటికీ లోపలి మనిషి అతనికి రెండు వేళ్ళు చూపించాడు. అల్లుడు తల ఊపాడు. దొరికావురా అనుకున్నాను.

"మామా, ఇది బాగుండాది" అన్నాడు నన్ను చూసి, ఏమీ ఎరగనట్టు.

"ఏం బాగుండాది? వెనక బ్లీచింగ్ వాసన చూసినావా?"

"ఆస్పత్రిలో బ్లీచింగ్ వాసన రాకపోతే గదా మామా భయపడాల."

"నీకు తెలీదు. లోపల ఏదో జరిగుండాది. కడిగి దాస్తుండారు. పైన చూడు, దండేల నిండా కోతల గుడ్డలు. వచ్చినోళ్ళని వచ్చినట్టు కోసేస్తుండారు."

"మామా, ఇది రొయ్యల హేచరీ కాదు."

"తల్లీ పిల్లా ఉండే చోటు ఏదైనా హేచరీనే అబ్బయా!"

ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే ముచ్చటేసింది. నాలుగు రోజులు కోట బస్టాండులో టీ కొట్టు దగ్గర అదే చెప్పుకున్నాను. చెప్పినకొద్దీ దండేలు పెరిగాయి. నాలుగో రోజుకు ఆ గుడ్డల వల్ల నెల్లూరులో ఎండ పడటం లేదు. అయిదో రోజు పొద్దున్నే పక్క వీధి ఆవిడ ఒకతె కళ్ళొత్తుకుంటూ మా ఇంటికి వచ్చి, "మీ పాపకి పెద్ద కోత పడతదంట గదక్కా" అని మా ఆవిడను అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. మా అమ్మాయి లేచి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను మాత్రం అది అల్లుడి ఎంపిక మీద కోపం అనుకున్నాను.

ఎనిమిదో నెల వచ్చాక, మూడో ఆస్పత్రికి పోదామని నేనే పట్టుబట్టాను. గూడూరులోనే, పెంకుటింటిని బాగుచేసుకుని ఒక డాక్టరమ్మ నడిపే ఆస్పత్రి. మా అమ్మాయి పుట్టింది అక్కడే. ఆ రోజుల్లో ఊళ్ళన్నీ గాలించి, డాక్టరమ్మను నాలుగు ప్రశ్నలడిగి మరీ నేను ఎంచిన చోటు అని అల్లుడికి దారి పొడుగునా చెప్పాను. బండి మీద కాదు, అమ్మాయి ఉంది కాబట్టి ఆటోలో.

"అమ్మ వేరేగా చెప్పింది గదా నాయినా" అంది అమ్మాయి, బయటికి చూస్తూ.

వేరేగానే జరిగింది. అమ్మాయి పుట్టిన రోజు నేను ఒక హేచరీలో బేసిన్ తిప్పుతున్నాను. మా ఆవిడకు నొప్పులొస్తే పక్కింటావిడ రొయ్యలకు ఐసు తోలే బండిలో ఎక్కించుకుని, కనపడిన మొదటి ఆస్పత్రి దగ్గర దింపింది. నేను పోయేసరికి బిడ్డకు స్నానం కూడా అయిపోయింది. నా జన్మలో నేను ఎంచిన ఆస్పత్రి ఒక్కటీ లేదు. ఈసారైనా ఎంచుదామని నా తాపత్రయం.

డాక్టరమ్మ జుట్టంతా తెల్లబడింది. నేను వెనక కాలవ చూసి వచ్చేసరికి ఆమె స్కానింగ్ కాగితం చూస్తోంది. నేను గడపలో ఉండగానే మాట మొదలుపెట్టింది.

"నేను చెయ్యనమ్మా. మాయ ఇంకా కిందనే ఉండాది. ఆపరేషనే చెయ్యాల, అదీ నొప్పులు రాకముందే. చేసేటప్పుడు రక్తం పక్కన ఉండాల. నా దగ్గర నిలవ పెట్టే వసతి లేదు. నిరుడు ఒకామెను ఇట్టాగే ఉంచుకుని, ఆలస్యంగా పంపించినా. ఆమె దక్కింది, బిడ్డ దక్కలా. తప్పు నాదే. మళ్ళీ ఆ పని చెయ్యను. నెల్లూరు పోండి."

నేను వినాలని ఇన్నేళ్ళు తిరిగిన మాట అదే. ఈ తొట్టి బాగాలేదు, తీసుకోబాక. చెప్పిన మనిషిని వదలకూడదు, కానీ ఆ మనిషే మమ్మల్ని పొమ్మంటోంది.

"మాయ ఏంది?" అన్నాను. "రక్తం ఏంది?"

డాక్టరమ్మ అమ్మాయి వైపు చూసింది. "పెద్దాయనకి చెప్పలేదా?"

చివరికి మా అమ్మాయే అంది. డాక్టరమ్మ చేతిలోంచి కాగితం తీసుకుంటూ, నవ్వుతూనే అంది.

"చెప్తే సాయంత్రానికల్లా కోట బస్టాండులో నన్ను చంపేసుంటావు నాయినా. నాలుగు గుడ్డలు చూసొచ్చి నెల్లూరులో ఎండ లేకుండా చేసినావు. ఇది చెప్పుంటే ఊరంతా వచ్చి నా మొగం చూసి ఏడ్చిపోతారు. నేను రోజూ లేచి ఎట్టా తిరగాల?"

నేను వంగి అమ్మాయి చెప్పులు వెతికి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.

బయట వేపచెట్టు కింద ఆటో కోసం నిలబడ్డప్పుడు అల్లుణ్ణి అడిగాను, "ఆ గడియారం?"

"ఇంటికాడ నుంచి ఎంతసేపు పడతదో చూసుకున్నా మామా. గేటు పడితే ఎంత, పడకపోతే ఎంత అని. నెల్లూరు దూరమైనా గేటు లేదు."

"ఆ రెండు వేళ్ళు?"

"ఇద్దరు కావాలన్నారు. రక్తమిచ్చేవాళ్ళు."

"దొరికినారా?"

"ఒకతను ఉండాడు, మా కాలేజీ ల్యాబులో. ఇంకొకరు కావాల."

"పదిమందిని తెస్తా" అన్నాను. అమ్మాయి నా వైపు తిరిగింది. "ఒకర్ని" అన్నాను.

ఒకర్ని తేవడం పదిమందిని తెస్తాననడం కన్నా కష్టమని ఆ వారంలో తెలిసింది. టీ కొట్టు దగ్గర మొదటిసారి నోరు విప్పగానే ఒకడు, "నిరుడు గుండెపోటొచ్చిందని మమ్మల్నందర్నీ పరిగెత్తించినావు మామా. తేన్పులంట గదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకడు, "ఎండ లేని ఆస్పత్రేనా?" అన్నాడు. వాళ్ళ తప్పు లేదు. నిజం చెప్పేందుకు నా దగ్గర వాడని మాట ఒక్కటీ మిగల్లేదు.

అప్పుడు ఒక ఉపాయం తోచింది. బండ్లు నడిపేవాళ్ళ లైసెన్సు మీద రక్తం గుంపు రాసి ఉంటుంది. ఒక గుంటలో రొయ్యలు పట్టే రోజు, గట్టు మీద వరుసగా ఆగిన బండ్ల దగ్గరికి పోయాను. కథ చెప్పలేదు. లైసెన్సు తీసి రక్తం గుంపు చదవమని అడిగాను. ఆరుగురు చదివారు. నిజంగా ఆరే. ఎవరిదీ కాదు. ఏడోవాడు ఐసు బండి సాయిబు. ఇరవై ఏళ్ళుగా మా గుంటలకు ఐసు తోలుతున్నాడు. నా కోతలన్నీ అతనికి కంఠతా వచ్చు.

"ఏందన్నా, ఆర్టీఓ మాదిరి అందర్నీ లైసెన్సు అడుగుతుండావు?"

"ఓ నెగటివ్ కావాల తమ్ముడా. మా పాపకి ఆపరేషను. రక్తం పోవచ్చు, పోకపోవచ్చు."

"ఆఁ, తర్వాత?"

"తర్వాత ఏం లేదు. అంతే."

అతను ఐసు గడ్డ మీద కప్పిన గోతం సర్ది, నన్ను కిందా మీదా చూశాడు.

"ఇన్నేళ్ళల్లో నువ్వు ఏ మాటా ఇంత చిన్నగా చెప్పలేదన్నా. నిజమే అయ్యుంటది" అన్నాడు. జేబులోంచి లైసెన్సు తీసి నా చేతిలో పెట్టాడు. నాకు అద్దాలు లేకుండా కనపడదు. "అదే" అన్నాడు. "ఎప్పుడు రావాలో చెప్పు."

నేను నమ్మలేదు. ఇంటికి పోయి అద్దాలు తెచ్చుకుని చూశాను. అదే.

నెల్లూరు ఆస్పత్రికే పోయాం. నేను తప్పుపట్టిన బ్లీచింగూ, నేను ఎండకు అడ్డం కట్టిన ఆకుపచ్చ గుడ్డలూ, ఇప్పుడు మా అమ్మాయికి కావలసింది అవే. రోజూ ఇన్ని ఆపరేషన్లు చేసే చెయ్యే కావాలి. కడిగే చోటే కావాలి. అయినా లోపల ఒక మూల అనుమానం కదులుతూనే ఉంది. అది నాతోనే పుట్టింది, నాతోనే పోతుంది.

ఆపరేషన్ రోజు వచ్చేదాకా నేను బస్టాండులో నోరు మెదపలేదు. "ఏ ఆస్పత్రి ఖాయమైంది మామా?" అంటే "చూస్తుండాం" అనేవాణ్ణి. నాకే ఏదో జబ్బు చేసిందని ఊళ్ళో అనుకున్నారట. మా ఆవిడ రెండు పూటలా నా ముందు కొంచెం ఎక్కువ కూర వడ్డించింది.

ఆ ముందు రోజే సాయిబు, కావలి ల్యాబు అతను వచ్చి రక్తం ఇచ్చి పోయారు. తెల్లారి ఆపరేషన్‌కు తీసుకుపోయే వేళకు సాయిబు ఎవరూ పిలవకుండానే మళ్ళీ వచ్చాడు. గేటు బయట అతని బండి కింద ఐసు నీళ్ళు కారుతున్నాయి. అల్లుడు తలుపు ఎదురుగా నిలబడ్డాడు. గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మా ఆవిడ పెదాలు కదుపుతూ కూర్చుంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వెనక్కి పోయాను.

బ్లీచింగ్ ఘాటు అలాగే ఉంది. ఊపిరి నిండా పీల్చాను. కుళాయి దగ్గర ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

"మళ్ళీ వచ్చినావా పెద్దాయనా? గుడ్డలు లెక్కబెట్టేదానికా?"

"ఈరోజు ఒకటి మా పాపది ఉంటది తల్లీ."

ఆమె చేతిలోని గుడ్డ వదిలేసి నా మొహం చూసింది. "ఉండనీలే. బాగా ఉతుకుతా" అంది.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. చెబితే పెంచుతాను. "మామా!" అని వరండాలోంచి అల్లుడి కేక వినపడింది. అతను అంత గట్టిగా అరవగా నేనెప్పుడూ వినలేదు. ఆ కేక మంచిదో చెడ్డదో తెలియక కుళాయి వైపు తిరిగాను. ఉతికే ఆవిడే నా భుజం తట్టి, "పో, ఏడుపు గొంతు కాదది" అంది.

ఆడపిల్ల. రక్తం బాగానే పోయిందట. ఒక సంచి ఎక్కించారు. రెండోది వాడలేదు. ఎవరిది ఎక్కించారో అక్కడివాళ్ళు చెప్పలేదు. సాయిబు మాత్రం తనదేనంటాడు. నేను కాదనను. మా అమ్మాయి కళ్ళు తెరిచాక నన్ను చూసి అన్న మొదటి మాట, "బస్టాండులో చెప్పినావా?"

"లేదు" అన్నాను.

"ఇంక చెప్పుకో" అంది.

చెప్పాను. టీ కొట్టు దగ్గర బిడ్డ నాలుగు కిలోలన్నాను. రెండున్నర. పుట్టగానే నన్ను చూసి నవ్విందన్నాను. నిద్రపోతోంది. డాక్టర్లు ఆరుగురన్నాను. ఇద్దరు. ఇవన్నీ వాళ్ళు నవ్వుతూ విన్నారు, నమ్మలేదు, ఎవరికీ నష్టం లేదు.

అప్పుడు ఒకడు అడిగాడు, "రక్తం ఎంత ఎక్కించినారు మామా?"

"ఒక సంచి."

నేను పెంచుతానేమోనని గ్లాసులు చేతుల్లో పట్టుకుని చూశారు. ఐసు బండి ఆపుకుని టీ తాగుతున్న సాయిబు కూడా చూశాడు.

"ఒకటేనా?"

"ఒకటే" అన్నాను.